తెగని అరటి నార

కనకదుర్గ మేడమెట్లు ఎక్కి వచ్చేసరికి ఉదయం తొమ్మిది కూడా కాలేదు. తెనాలి గంగానమ్మపేటలోని ఆ మేడగదుల బయట 'జగన్నాథరావు, ప్రైవేటు పరిశోధకులు' అని చిన్న బోర్డు ఉంది. ఆమె దాన్ని చదవలేదు. చదువు రాదు. కింద కిళ్ళీ కొట్టువాణ్ణి అడిగి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాకుండా, కొంగు నలుపుకుంటూ గుమ్మంలోనే నిలబడిపోయింది.

టైపు మిషను ముందు కూర్చున్న ఏసుపాదం ముందు ఆమె కాళ్ళ వంక చూశాడు. తొమ్మిదేళ్ళుగా జగన్నాథరావు దగ్గర పనిచేసి నేర్చుకున్న మొదటి పాఠం అది. ముఖం అబద్ధం చెప్పగలదు గాని కాళ్ళకి ఆ విద్య రాదు. ఆమె పిక్కల దాకా ఒండ్రు ఎండి పొలుసులు కట్టి ఉంది. రేవు మనిషి. కాళ్ళు కడుక్కోవడం కూడా మర్చిపోయి రైలెక్కింది.

"అయ్యా, మాయాయన్ని ఉరి తీస్తారంటండి. నిజమేనా?"

జగన్నాథరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. యాభై దాటిన బక్కపలచటి మనిషి. పోలీసు ఉద్యోగం మధ్యలో వదిలేసి వచ్చాడు. ఎందుకు వదిలాడో ఏసుపాదానికి కూడా చెప్పలేదు.

"ఎవరన్నారమ్మా?"

"స్టేషన్లో హెడ్డుగారండి. ఖూనీ కేసు, ఉరే అన్నారు. మాయాయన చీమని కూడా చూసి అడుగేస్తాడండి. నమ్మండి."

"నమ్మడం తర్వాత. ముందు ఆ గోడకి ఆనుకుని కూచో. ఏసుపాదం, కింద నుంచి కాఫీ చెప్పు."

కాఫీ వచ్చింది గాని ఆమె ముట్టలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పిన సంగతి కూడగట్టుకుంటే ఇదీ కథ.

1971వ సంవత్సరం, మాఘమాసం. రేపల్లె అవతల కృష్ణ రేవులో, వరదల్లో మునిగిన ధాన్యం లాంచీ ఒకటి అడుగున పడి ఉంది. దాన్ని పైకి తీసే పని బాపట్ల కాంట్రాక్టరు పున్నయ్య తీసుకున్నాడు. నీళ్ళ అడుగుకి దిగి లాంచీకి గొలుసులు తగిలించడానికి వీరాస్వామి అనే డైవరుని పిలిపించాడు. వీపున గాలి సిలిండరు, నోట్లో రబ్బరు గొట్టం, నడుముకి తాడు. ఆ తాడు రెండో కొస పైన పడవలో కనకదుర్గ మొగుడు జమలయ్య చేతిలో ఉంటుంది. గాలి నింపే ఇంజను చూసుకోవడానికి ఆంజనేయులు అనే మెకానిక్కు ఉన్నాడు. పోయిన బుధవారం పొద్దున నీళ్ళలోకి దిగిన వీరాస్వామి చచ్చాడు. జమలయ్య కావాలనే తాడు లాగలేదని మెకానిక్కు పోలీసులకు చెప్పాడు.

"కావాలని ఎందుకు లాగడు?" అన్నాడు జగన్నాథరావు.

ఆమె తల వంచుకుంది. "మంగళవారం నాడు మాయాయన తాడు పట్టుకుని చుట్ట ముట్టించాడండి. అది చూసి ఆ డైవరుబాబు అందరి ముందూ చెంప మీద కొట్టాడు. నా ప్రాణం నీ చేతిలో ఉంటే నీ చెయ్యి చుట్ట మీద ఉందేంటిరా అని. మాయాయన ఏమీ అనలేదండి. ఇంటికొచ్చి, ఆయన అన్నది నిజమేనే అన్నాడు. ఆ మాట ఎవరూ వినలేదు గదండి. నేనే విన్నాను."

జగన్నాథరావు లేచి చొక్కా తొడుక్కున్నాడు. "పదకొండింటి రేపల్లె పాసింజరు దొరుకుతుందా ఏసుపాదం?"

*

రైలు జంపని దాటింది. కిటికీ అవతల మినుము పంట నల్లబడి కోతకు వచ్చింది. కనకదుర్గ పెట్టెలో సీటు ఖాళీగా ఉన్నా కింద కూర్చుంది.

రేపల్లె ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు జగన్నాథరావు దగ్గర పని నేర్చుకున్నవాడు. కుర్చీ వేయించి, సిలిండరు తెప్పించి బల్ల మీద పెట్టించాడు. మనిషి మొండెమంత ఇనుప సీసా. దాని పక్కన పైనుంచి కిందికి సన్నటి కడ్డీ, కడ్డీ చివర ఉంగరం.

"ఈ కడ్డీయే సార్ కేసంతా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "గాలి అడుగంటేటప్పుడు ఊపిరి బరువుగా వస్తుందట. అప్పుడు ఈ ఉంగరం పట్టుకుని కిందికి లాగితే, లోపల ఆపి ఉంచిన గాలి కొంచెం వస్తుంది. ఐదు నిమిషాలకి సరిపోతుంది. ఆ ఐదు నిమిషాల్లో పైకి వచ్చెయ్యాలి. చూడండి, కడ్డీ కిందికే ఉంది. అంటే వీరాస్వామి లాగాడన్నమాట. ఐదు నిమిషాలు తాడు గుంజుతూనే ఉన్నాడు, వీడు పైన ఊరికే కూచున్నాడు."

"కడ్డీ సంగతి మీకు చెప్పిందెవరు?"

"మెకానిక్కే. శవం వీపు నుంచి ఇది విప్పగానే నాకు చూపించాడు."

"దిగేటప్పుడు కడ్డీ పైకి ఎత్తి ఉండాలి కదూ? ముందే కిందికి ఉంటే?"

"అప్పుడు ఆపి ఉంచడం అనేదే ఉండదు సార్. మొత్తం గాలి ఒకటిగా అయిపోతుంది. బరువుగా రావడం, హెచ్చరిక, ఏమీ ఉండవు. దీపం ఆర్పినట్టు ఆగిపోతుంది."

జగన్నాథరావు సిలిండరు మీదికి వంగాడు. కడ్డీ చివర ఉంగరాన్ని సీసా పట్టీకి కలిపి సన్నటి అరటి నార రెండు చుట్లు చుట్టి ముడివేసి ఉంది. ఏటి బురద అంటి బిరుసెక్కింది. ఆయన దాన్ని గోటితో ఒకసారి మీటి చూశాడు గాని విప్పలేదు.

"ఇది కూడా రాసుకో," అన్నాడు. ఏసుపాదం తన పుస్తకంలో 'అరటి నార, రెండు చుట్లు, ముడి' అని రాసుకున్నాడు. ఎందుకో అర్థం కాలేదు. అడగలేదు.

సబ్‌జైల్లో జమలయ్య ఊచల వెనక గొంతుక్కూర్చుని ఉన్నాడు. పెద్ద అరచేతులు. తాడు రాసుకుని కాయలు కట్టిన వేళ్ళు. వీళ్ళని చూసి లేచి నిలబడ్డాడు గాని తలెత్తలేదు.

"తాడు ఎన్నిసార్లు గుంజాడయ్యా?"

"ఒక్కటేనండి. తాడు తెగుద్దేమో అన్నంత గుంజు. అంతే, లాగేశాను. చేతులు కోసుకుపోయినాయి చూడండి." అరచేతులు చూపించాడు. "ఆంజనేయులుగారు నాలుగు గుంజులంటున్నారు. దేవుడి సాక్షిగా ఒక్కటేనండి."

"కడ్డీకి అరటి నార ఎందుకు కడతారు?"

"నీళ్ళలో గొలుసులకి తగిలి దానంతట అది జారకుండానండి. పురికొస అయితే అవసరానికి తెగదు, నార అయితే గుంజగానే తెగుద్ది అనేవాడు ఆ బాబు. ఆ నార మా పెరట్లోదే. బుధవారం పొద్దున గాలి నింపగానే కడ్డీ ఎత్తి ఆయనే కట్టుకున్నాడు, నేను చూస్తానే ఉన్నాను. దిగబోయే ముందు వెనక్కి చెయ్యి పెట్టి నార తగిలిందా లేదా అని తడుముకుంటాడు. అప్పుడే దిగుతాడు. ఆ రోజూ తడుముకున్నాడండి."

"పైకి లాగాక?"

"నా వంక చూశాడండి. నోట్లో నురగ. కళ్ళు తేలేశాడు. ఒడ్డుకి చేర్చి, కుమ్మరి శివరామయ్య ఇంటికి భుజాన వేసుకుపోయి, సారె మీద బోర్లా పడుకోబెట్టి తిప్పాం. నీళ్ళు తాగినోణ్ణి అట్టాగే గదండి చేస్తాం. మా నాయన కాలం నుంచీ అంతే. తిప్పింది నేనే. ఎంత తిప్పినా లేవలేదు."

*

రేవులో తాటాకు పాక ఒకటి ఉంది. నీళ్ళ మధ్యన రెండు పడవలు లంగరు వేసి ఉన్నాయి. మునిగిన లాంచీ పొగగొట్టం కొస మాత్రం నీళ్ళ పైకి కనిపిస్తోంది, దాని మీద కొంగ ఒకటి వాలి ఉంది.

పున్నయ్య భారీ మనిషి. అడక్కుండానే మొదలుపెట్టాడు.

"నా ఖర్మ కాకపోతే ఏంటండి ఇది! ఇద్దరు డైవర్లు ఉండాలంట, ఒకడికి గాలి ఆగితే రెండోవాడు తన గాలి పంచుతాడంట. ఇప్పుడు చెప్తున్నారు అందరూ. ఒక్కణ్ణే చాలు అన్నది వీరాస్వామే. ఎక్కడా నేర్చుకోలేదు, పనిలో పడి పని పట్టుకున్నవాడు. నాకేం తెలుసు?"

"తెలుసుకోవలసింది మీరే కదండీ," అన్నాడు జగన్నాథరావు. "బుధవారం దిగే ముందు ఎవరెక్కడున్నారు?"

"లంగరు జారిందని వీరాస్వామి, జమలయ్య, నేను చిన్న పడవలో అవతలికి పోయాం. గంట పట్టింది. తిరిగొచ్చేసరికి ఆంజనేయులు సిలిండరు సిద్ధం చేసి ఉంచాడు. వీపుకి కట్టింది కూడా అతనే. పాపం, ఆ రోజు కుమ్మరి ఇంటికి అందరికంటే ముందు పరిగెత్తింది కూడా అతనేనండి. సారె మీది మట్టి తీయించి సిద్ధం చేశాడు."

ఆంజనేయులు ఇంజను దగ్గర చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పూర్తి పేరు సీతారామాంజనేయులు. ముప్పై ఏళ్ళుంటాయి. మెత్తగా మాట్లాడే మనిషి. అడిగినదానికి సరిగ్గా అంతే జవాబు చెబుతాడు.

"ఇక్కడ పనికి ఎప్పుడు చేరావు?"

"రెండు నెలలండి."

"వీరాస్వామి అంతకు ముందు తెలుసా?"

"లేదండి."

"నీళ్ళలో మునిగినవాణ్ణి బతికించడం ఏమన్నా వచ్చా?"

"నాకేం వస్తుందండి, ఇంజన్లు చూసుకునేవాణ్ణి. అందరూ సారె అన్నారు, నేనూ పరిగెత్తాను."

ఆ మాట పూర్తయ్యీ కాకముందే వెనక దబ్బుమని చప్పుడైంది. మూడు రోజులుగా మెతుకు ముట్టని కనకదుర్గ ఎండలో నిలబడలేక పడిపోయింది. ఏసుపాదం నీళ్ళ కోసం అటూ ఇటూ చూశాడు. పున్నయ్య "అయ్యో, అయ్యో" అంటూ అక్కడే తిరిగాడు. ఆంజనేయులు మాత్రం ఒక్క అంగలో వచ్చి మోకాళ్ళ మీద వాలాడు. ఒక అరచెయ్యి ఆమె నుదుటి మీద పెట్టి, రెండో చేతి వేళ్ళు గడ్డం కింద ఆనించి, తల వెనక్కి వంచాడు. తన చెంపని ఆమె ముక్కు దగ్గరకి తెచ్చి, ఆమె రొమ్ము వంక చూస్తూ ఒక్క క్షణం ఆగాడు. ఊపిరి ఆడుతోందని తెలిశాక మెల్లగా పక్కకి తిప్పి పడుకోబెట్టాడు.

"పక్కకి జరగండి, గాలి రానివ్వండి," అన్నాడు.

ఎంత మంచివాడు, అనుకున్నాడు ఏసుపాదం. జమలయ్య మీద సాక్ష్యం చెప్పినవాడే జమలయ్య పెళ్ళాన్ని ఆదుకున్నాడు. ఆ మాటే పైకి అన్నాడు.

"మంచి చేతులు," అన్నాడు జగన్నాథరావు. ఆ చేతుల వంకే చూస్తున్నాడు.

కుమ్మరి శివరామయ్య ఇల్లు రేవుకి రెండు పొలాల అవతల ఉంది. సారె గోడకి నిలబెట్టి ఉంది. దాని పక్కన తొక్కిన మట్టి ఎండి నెర్రెలిచ్చింది. ముసలాయన అరుగు మీద ఖాళీగా కూర్చున్నాడు.

"ఆ రోజు నుంచి సారె ముట్టలేదు బాబూ. ముట్టబుద్ధి కాలేదు."

"పడుకోబెట్టేటప్పుడు ప్రాణం ఉందా తాతా?"

"ఉంది." తడుముకోకుండా చెప్పాడు. "రొమ్ము కింద చెయ్యి పెట్టి ఎత్తింది నేనే. నాది మట్టి చెయ్యి బాబూ, ముద్దలో ఇసకరేణువు ఉన్నా తెలుస్తుంది. గుండె కొట్టుకుంటానే ఉంది, లోపల పిట్టని మూసి పెట్టినట్టు. ఊపిరే లేదు. తిప్పాం. దించేటప్పుడు అదీ లేదు." సారె వంక చూసి అన్నాడు: "ఈ సారె మీద నా వయసులో ఏడుగురిని తిప్పాం. ఒక్కడు లేచాడు. వాడు మా తిప్పుడికే లేచాడో, లేవవలసినవాడై లేచాడో నాకు తెలవదు."

*

ఆ రాత్రికి తెనాలి తిరిగొచ్చారు. మర్నాడు జగన్నాథరావు రేపల్లె వెళ్ళలేదు. బాపట్ల రైలెక్కాడు.

"ఆంజనేయులు ఊరు బాపట్ల అన్నాడు పున్నయ్య. నేతగాళ్ళ వీధి అట," అని మాత్రం అన్నాడు.

ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ పడుగు సాగదీసి ఉంది. తొమ్మిదో ఇంట్లో అంకాలమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. కొడుకుతో పని ఉండి వచ్చామంటే చాప వేసింది. రాట్నం మాత్రం ఆపలేదు.

"ఏం బాబూ, వాడు మళ్ళీ ఎవరినన్నా బతికించాడా?"

ఏసుపాదం పుస్తకం తీశాడు. జగన్నాథరావు గొంతు మామూలుగానే ఉంది. "ఇంతకుముందు ఎవరిని బతికించాడమ్మా?"

"తెలవదా? మొన్నగాక మొన్న కార్తీక పున్నమికి సూర్యలంక స్నానాల్లో పొన్నూరాయన ఒకడు మునిగిపోయాడు. చచ్చాడనుకున్నారు. మావాడు తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊపిరి పోశాడు బాబూ. ఏ కులమో ఏంటో అడగలేదు. దాని మీద కొందరు మూతులు కూడా తిప్పారు. తిప్పితే తిప్పనీ. ఆయన లేచి కూచున్నాడు. ఆయన పెళ్ళాం నా కాళ్ళ మీద పడింది."

"ఎక్కడ నేర్చుకున్నాడు?"

రాట్నం ఆగింది. "వైజాగులో ఆరు వారాలుండి నేర్చుకొచ్చాడు. చిన్నాడు పోయినాక. మా యలమంద. కాకినాడ వైపు నీళ్ళలో దిగే పనికి పోయాడు. పైకి తీసుకొచ్చి ఒడ్డున పడుకోబెట్టారంట. తాడు పట్టుకున్నోడికి ఏం చెయ్యాలో తెలవక, డాక్టరు కోసం చూస్తా అరగంట నిలబడ్డాడంట. కొనఊపిరి ఉందంట బాబూ, చూసినోళ్ళు చెప్పారు. వీరాస్వామి అంటారంట వాణ్ణి. ఎక్కడున్నాడో. పెద్దాడు నాలుగేళ్ళు అన్నం సరిగా తినలేదు. ఈ మధ్య రేపల్లె పనికి పోయినాకే కాస్త కుదుటపడ్డాడు."

వీళ్ళు లేచారు. ఆమె వీధి మలుపు దాకా వచ్చి సాగనంపింది. రైలెక్కాక ఏసుపాదం ఉండబట్టలేక అడిగాడు.

"ఆ తల్లికి ఏమీ చెప్పలేదేం సార్?"

"ఏం చెప్పను?" అన్నాడు జగన్నాథరావు. "కొడుకు గొప్ప చెప్పుకుంది. అంతే కదా ఆవిడ చేసింది."

*

ఆ మరుసటి ఉదయం అందరినీ రేవులో పాక ముందు చేర్చాడు. ఇన్‌స్పెక్టరు ఇద్దరు కానిస్టేబుళ్ళతో జమలయ్యని తీసుకొచ్చాడు. సంకెళ్ళు చూసి కనకదుర్గ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పున్నయ్య, ఆంజనేయులు, శివరామయ్య వచ్చారు. సిలిండరు బల్ల మీద ఉంది.

జగన్నాథరావు ఒక అరటి నార తీసి పున్నయ్యకి ఇచ్చాడు. పాకలో ఉన్న మరో సిలిండరు తెప్పించి దాని కడ్డీ పైకి ఎత్తాడు.

"వీరాస్వామి కట్టినట్టు కట్టండి. కట్టారా? ఇప్పుడు ఉంగరం పట్టుకుని కిందికి లాగండి."

పున్నయ్య లాగాడు. కడ్డీ దిగింది. నార పటుక్కున తెగి రెండు కొసలూ వేలాడాయి.

"నీళ్ళలో వీరాస్వామి కడ్డీ లాగి ఉంటే ఇలా తెగిన కొసలు ఉండాలి. ఇప్పుడు ఇది చూడండి." మొదటి సిలిండరు తిప్పి చూపించాడు. "కడ్డీ కిందికే ఉంది. నార తెగలేదు. ముడి ముడిలాగే ఉంది. అంటే కడ్డీ కిందికి దిగాక కట్టిన నార ఇది. కట్టింది నీళ్ళ అడుగున కాదు, పైన. వీరాస్వామి దిగే ముందు. అతను వెనక్కి చెయ్యి పెట్టి తడుముకుంటే నార తగిలింది. అంతా సరిగా ఉందనుకుని దిగాడు. వెనక కళ్ళుండవు కదా. కింద గాలి హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా ఆగింది. కడ్డీ కోసం వెతుక్కుంటే అది ముందే దిగి ఉంది. ఇంక మిగిలింది తాడు గుంజడమే. ఒక్క గుంజు. జమలయ్య చెప్పిందే నిజం."

ఇన్‌స్పెక్టరు నార వంక చూసి పెదవి కొరుక్కున్నాడు.

"పొద్దున వీరాస్వామి కడ్డీ ఎత్తి కట్టడం జమలయ్య చూశాడు. తర్వాత గంటసేపు ముగ్గురూ లంగరు దగ్గరున్నారు. ఆ మాట పున్నయ్యగారే చెప్పారు. సిలిండరుతో ఒంటరిగా ఉన్నది ఒక్కరు. వీపుకి కట్టింది కూడా ఆ ఒక్కరే. ఇన్‌స్పెక్టరు గారికి కడ్డీ దిగి ఉందని ముందుగా చూపించిందీ వారే."

ఆంజనేయులు కదలలేదు. "నింపేటప్పుడు కడ్డీ కిందికే ఉంటుందండి. ఎత్తడం ఆయన మర్చిపోయాడేమో."

"మర్చిపోతే నార కట్టడు. సరే, అది పక్కన పెట్టు. వీరాస్వామి చావుకి కడ్డీ సగమే కారణం. పైకి వచ్చేసరికి ఊపిరి లేదు గాని గుండె ఉంది. శివరామయ్య చేతికి తెలిసింది. ఈ రేవులో అంతమందిలో ఆ మనిషిని ఎలా బతికించాలో ఒక్కడికి తెలుసు. ఆ ఒక్కడూ అందరికంటే ముందు సారె సిద్ధం చెయ్యడానికి పరిగెత్తాడు. కనకదుర్గ పడిపోయినప్పుడు నీ చేతులు నీకు తెలియకుండానే చెయ్యవలసింది చేశాయి ఆంజనేయులూ. ఇంజన్లు బాగుచేసేవాడి చేతులు కావవి. నిన్న బాపట్ల వెళ్ళాను."

ఆంజనేయులు ముఖం అప్పుడు మారింది. "అమ్మకి చెప్పారా?"

"లేదు. సూర్యలంక సంగతి ఆవిడే చెప్పింది. యలమంద సంగతి కూడా."

ఆంజనేయులు ఇసకలో కూర్చుండిపోయాడు. మాట మొదలయ్యాక ఆగలేదు.

"అరగంటండి. అరగంట మా తమ్ముడు కొనఊపిరితో ఒడ్డున పడి ఉంటే వీడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇక్కడ చేరిన మూడో రోజున నేనే కదిపాను, ఎప్పుడన్నా ఎవరన్నా పోయారా అని. ఒకడు పోయాడోయ్, పాపం, ఏం చెయ్యాలో తెలవలేదు అన్నాడు. టీ తాగుతా అన్నాడండి ఆ మాట. ఆ తర్వాతైనా నేర్చుకున్నాడా? లేదు. పక్కన ఇంకొకణ్ణి పెట్టుకున్నాడా? లేదు. తెలవకపోతే ఎట్టా ఉంటుందో తెలియాలని..."

"తెలిసింది," అన్నాడు జగన్నాథరావు. "తమ్ముడి విషయంలో వాడు తెలియక నిలబడ్డాడు. నువ్వు తెలిసి పరిగెత్తావు."

ఇన్‌స్పెక్టరు సైగ చేశాడు. జమలయ్య చేతుల సంకెళ్ళు తీసి ఆంజనేయులు చేతులకి వేశారు. కనకదుర్గ వెళ్ళి మొగుడి మణికట్టు పట్టుకుంది. "ఇంటికి పోదాం పద," అంది. ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా.

జమలయ్య కదలలేదు. తన అరచేతుల వంక చూసుకుంటున్నాడు.

"అయ్యా," అన్నాడు జగన్నాథరావుతో. "నేను సారె మీద వెయ్యకుండా, ఆ ఊపిరేదో పోసుంటే ఆ బాబు బతికేవాడా?"

జగన్నాథరావు ఆంజనేయులు వైపు తిరిగాడు.

"బతికేవాడు," అన్నాడు ఆంజనేయులు, నేల చూస్తూ. "ఒడ్డుకి రాకముందే, పడవలోనే మొదలుపెడితే బతికేవాడు."

కనకదుర్గ చెయ్యి విడిపించుకుని జమలయ్య వెళ్ళి అతని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎట్టాగో చూపించు."

"ఏంటయ్యా ఇది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నిన్ను ఉరి కంబం దాకా పంపబోయినవాడు వీడు."

"ఎవరైతే ఏంటి సార్. ఈ రేవులో ఏడాదికొకడు పోతానే ఉన్నాడు. మాకు తెలిసింది సారె ఒక్కటే. ఈయన్ని మీరు తీసకపోతే ఇంక మాకు చెప్పేదెవరు? మీకొచ్చా? ఈ అయ్యకొచ్చా?"

"నాకు రాదు," అన్నాడు జగన్నాథరావు.

ఇన్‌స్పెక్టరు ఏటి వంక చూసి, జేబులోంచి తాళంచెవి తీశాడు. ఆంజనేయులి ఒక చేతి సంకెల విప్పాడు.

చూపించడానికి పడుకునే మనిషి కావాలన్నాడు ఆంజనేయులు. ఏసుపాదం చెప్పులు విడిచి, ఇస్త్రీ చొక్కాతోనే తడి ఇసకలో వెల్లకిలా పడుకున్నాడు. నుదుటి మీద అరచెయ్యి పడింది. గడ్డం కింద వేళ్ళు ఆనాయి. వేలాడుతున్న సంకెల చెంపకి చల్లగా తగిలింది. తల వెనక్కి వంగగానే గొంతులో దారి తెరుచుకోవడం అతనికి తెలిసింది. మనిషిని చంపిన చెయ్యి అంత మెత్తగా ఎలా ఉందో మాత్రం తెలియలేదు.

"ముందు నోట్లో నాచు గాని, నురగ గాని ఉంటే వేలితో తియ్యాలి. తల ఇట్టా వంచాలి. ముక్కు మూయాలి. ఊదితే రొమ్ము లేవాలి. లేవకపోతే తల సరిగా వంగలేదన్నమాట. డాక్టరు వచ్చేదాకా ఆపకూడదు. చెయ్యి పెట్టు."

అరచెయ్యి మారింది. ఇది గరుకుగా, తాడు కోసిన గాట్లతో ఉంది.

"ఇంకా వెనక్కి," అన్నాడు ఆంజనేయులు. "భయపడకు. విరగదు."

శివరామయ్య కర్ర పక్కన పడేసి దగ్గరికొచ్చి వంగి చూస్తున్నాడు. కనకదుర్గ కూడా వచ్చింది.

"మళ్ళీ మొదట్నుంచి," అన్నాడు జమలయ్య.